ఆఫ్

గ్రిమ్స్‌బీలో చేపలు కోసే పనికి చేరిన రోజు
అబ్రెహెత్‌కి ఆ మాట బాగా వచ్చు:
గోడ మీద మీట. కిందికి నొక్కితే ఆఫ్.

టీ గదిలో మార్లీన్ పాలసీసా మూత తీసి,
ముక్కు చిట్లించి, "ఇది ఆఫ్" అంది.
ఈమె సీసాని తిప్పి తిప్పి చూసింది,
మీట ఎక్కడుందా అని.

బుధవారం అలారం "వెంట్ ఆఫ్" అని కేకలు.
ఆఫ్ అంటారు,
అదేమో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది!
అందరూ వానలోకి పరుగెత్తారు.
తను మాత్రం కాడ్ తల మీద కత్తి ఆనించి
ఎవర్ని నమ్మాలో తేలక నిలబడిపోయింది.

సెలవు, ఆఫ్. బస్సు దిగడం, ఆఫ్.
కోటు మీద ఇరవై శాతం ఆఫ్.
నాలుగింటికి గ్లోవ్స్ విసిరేసి "ఐయామ్ ఆఫ్" అంటారు,
వాళ్లేం పాలా, విరిగిపోవడానికి?
నోట్‌బుక్కులో పేజీ నిండిపోయింది.

మార్లీన్ కూతురి పెళ్లి ఆఫ్ అని
ఒక సోమవారం చెవులు కొరుక్కున్నారు.
ఆ అర్థం విడమర్చమని ఎవర్నీ అడగలేదు.
రాసుకోనూ లేదు.

టీ వేళకి తనే ముందెళ్లి సీసా తెరిచింది.
వాసన చూసి, సింకులో ఒంపేసి,
"ఆఫ్" అంది, అచ్చం మార్లీన్ లాగే,
ముక్కుతో సహా.

కెటిల్ వైపు తిరిగి ఉన్న మార్లీన్ భుజాలు కదిలాయి.
నవ్వో, మరొకటో,
వెనక నుంచి చెప్పలేం.