సప్పుడాగితే లేచే మనిషి

రాత్రి డ్యూటీలో, ఆల్గే గదిలో,
ట్యూబులైట్ల తెల్లటి ఉక్కలో
వెలుగొండయ్యకి ఉత్తరం రాయడానికి కూచున్నా.
కావలి దగ్గర ఇంకో హేచరీ వాళ్లు అడిగారంట,
తూపిలిపాళెంలో నీతో పనిచేసినోళ్లెవురన్నా
నాలుగు మాటలు రాసిస్తే చాలని.

మొదట రాసింది ఇది:
"కష్టపడే స్వభావం, నిజాయితీ, సత్ప్రవర్తన."
చదువుకుంటే నాకే నిద్రొచ్చింది.
ఈ మూడు మాటలూ మా గేటు కాడ కుక్కకి గూడా సరిపోతాయి,
పైగా అది జీతం పెంచమని అడగదు.

మధ్యాహ్నం ప్యాకింగ్ షెడ్డులో ఖాజారసూల్ అన్నాడు:
"నాక్కూడా ఒకటి రాయి మేడం, నీకు నేనొకటి రాస్తా.
రేపు ఎవురం యాడుంటామో, పనికొస్తాది."
తప్పేం కాదు ఆ మాట.
పెళ్లి చదివింపులు గూడా అంతే గదా,
వాళ్లు నూటపదహార్లు రాయిస్తే
మనం నోటుబుక్కులో గుర్తుపెట్టుకోమూ?
కానీ అతని ట్యాంకుల కాడ నేను చూసింది
సైఫన్ గొట్టం ఆడ పారేసి
ఫోన్లో మాట్లాడతా ఉండే వీపొక్కటే.
ఆ వీపుని ఏమని పొగిడేది?
"చూద్దాంలే" అన్నా.
ఆ వారమంతా నా బల్ల మీదికి టీ రాలేదు.

కాయితం చించేసి మళ్లీ మొదలుపెట్టా.
వెలుగొండయ్య అంటే నాకు గుర్తొచ్చేదేంది?
వేలు నీళ్లలో ముంచి నాలిక్కి రాసుకుని
"ముప్పై రెండుంటాది ఉప్పు" అంటాడు.
మీటరు పెడితే ముప్పై ఒకటిన్నర.
ఒప్పుకోడు. మీటరు కడగమంటాడు.

పోయిన కార్తీకంలో వాయుగుండం పట్టిన రాత్రి
మూడూ పదికి కరెంటు పోయింది.
గాలి మిషన్లు ఆగినయ్.
పిడుగుపడ్డా లేవని మేం ఏడుగురం నిద్రలో ఉండాం.
అతనొక్కడే లేచాడు.
"ఏం ఇనపడి లేచావు?" అని తెల్లారి అడిగితే
"ఏం ఇనపళ్లేదు మేడం, అందుకే లేచా" అన్నాడు.
అరచేతి తోలు లేచిపోయుంది
జనరేటరు హ్యాండిలు తిప్పి తిప్పి.
కనుగుడ్డు ఆనించి చూస్తే తప్ప కనపడని పిల్లలు,
నలభై లక్షలు,
తెల్లారి మేతకి ఎగబడతుండాయి.

మరి ఆ తప్పు సంగతి?
ఎండాకాలం లెక్క తప్పి
ఒక రైతుకి పెట్టెకి రెండు వేలు తక్కువ పోయింది.
రైతు కనుక్కోలేదు.
ఇతనే ఫోన్ చేసి చెప్పాడు,
చెప్పినందుకు మేనేజరు చేత అందరి ముందూ పడ్డాడు.
రాయాలా వద్దా?
పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి...

నేను గూడూరు నించి వచ్చిన కొత్తల్లో
చెంచురత్నమ్మ మేడం నా గురించి ఒకే ఒక లైను రాసింది:
"ఈ అమ్మాయి తెలీనప్పుడు తెలీదంటాది."
పరువు తీసిందని ఆ రాత్రి హాస్టల్లో ఏడ్చా.
మైక్రోస్కోపు ముందర ఈ కుర్చీ
ఆ లైను మీదే దొరికింది.

రాసేశా. ఉప్పూ, కరెంటూ, రెండు వేల పిల్లలూ.
తప్పు తీసేస్తే మిగిలేది
మళ్లీ ఆ గేటు కాడ కుక్కే.

పది రోజులకి కావలి నించి ఫోను.
"ఈ కరెంటు పోయిన రాత్రి... నిజమేనామ్మా?"
"లాగ్‌బుక్కు ఉండాది, పేజీ ఫొటో పంపిస్తా" అన్నా.
అవతల కాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, "మీ పేరు?"
చెప్పా. ఇంటిపేరు గూడా అడిగి రాసుకున్నాడు.
ఎందుకో నేనడగలేదు.

వెలుగొండయ్య పెట్టె సర్దుకుని పోయి నెల.
పోతా పోతా థాంక్స్ గూడా చెప్పలేదు,
మీటరు మాత్రం కడిగి పోయాడు.

మొన్న రాత్రి గాలి మిషన్లు ఆగినయ్.
ఏం ఇనపళ్లేదు.
లేచి కూచున్నా.