పొగగొట్టం మీద గురుడు

ఒపిచీనా మెట్టమీద బోరా గాలి
నాలుగు రోజులు వీచి ఐదోరోజుకి అలిసిపోతుంది.
కింద ట్రియెస్టెలో అందరూ అప్పుడు బట్టలారేసుకుంటారు.
నేను టెలిస్కోపును పెరట్లోకి దించుతాను.

అద్దం చల్లబడాలి.
ఇంటి వెచ్చదనం దాన్ని వదలడానికి గంటన్నర.
ముప్పై ఒక్క ఏళ్ళు ట్రామ్ నడిపినదాన్ని,
ఆలస్యం నాకు కొత్త కాదు.
కాకపోతే అక్కడ ఆలస్యానికి నేను జవాబు చెప్పేదాన్ని,
ఇక్కడ నాకెవరూ చెప్పరు.

చుక్కలు మిలమిలలాడితే
ఎంత బాగుందీ రాత్రి అంటారు జనం.
ఆ మిలమిలే నా కొంప ముంచేది.
చుక్క తళుక్కుమందంటే
పైనెక్కడో చల్లగాలి వేడిగాలిని భుజంతో తోసిందన్నమాట.
తెరమీద గురుడు
ఎసట్లో పడ్డ గింజలా ఎగిరెగిరి పడతాడు.
పట్టీలన్నీ ఒకదాన్లోకొకటి కారిపోతాయి.

పై గాలి కుదురుకున్నా
జ్డెంకో పొగగొట్టం ఉంది.
తూర్పంతా నా ఇంటి గోడే. అది దాటి
గురుడు బయటపడేది సరిగ్గా అతని కప్పు మీదే.
ఎనభై రెండేళ్ళ మనిషి. ఓక్ దుంగలు కాలుస్తాడు.
ఒంటిగంటకల్లా పొయ్యి ఆర్పగలవా అని
అడుగుదామని ఒకసారి వెళ్ళాను.
ముందు దగ్గు వచ్చింది తలుపు దగ్గరికి, వెనక అతను.
నోటిదాకా వచ్చిన మాట మింగేసి
గుడ్లున్నాయా అన్నాను.
మూడు గుడ్లతో తిరిగొచ్చాను.

అప్పట్నుంచి లెక్క నేర్చుకున్నాను.
పదింటికి చివరి దుంగ.
రెండున్నరకి సన్నటి సెగ.
మూడింటికి ఇటుకలు కూడా మరిచిపోతాయి.

పోయిన మంగళవారం
ఒకటిన్నరకే చుక్కలు ఆడటం మానేశాయి,
గోడకు కొట్టిన మేకుల్లా.
పట్టీల అంచున చిన్న చిన్న ముడులు,
తొందరలో అల్లిన స్వెట్టర్‌లో తప్పిన కుట్లలా.
ఎర్రమచ్చ మెల్లగా ఇటు తిరుగుతోంది.
ఒక చంద్రుడి నీడ, మిరియపు గింజంత,
నల్లగా, అంచు చెదరకుండా.
పదకొండేళ్ళలో ఇలాంటి గాలి రెండుసార్లు చూశాను.

రికార్డు నొక్కాను.
సెకనుకి నూట యాభై చిత్రాలు.
తర్వాత కూర్చుని ఏరుకోవాలి, బియ్యంలో రాళ్ళేరినట్టు;
ఇక్కడ అన్నీ రాళ్ళే, బియ్యం ఏ పిడికెడో.
నా పాత స్టాండు నిమిషానికోసారి పక్కకి జారుతుంది,
మీట వేలితో సర్దుతూ ఉండాలి.

అప్పుడు తట్టింది.
ఇంకా రెండు కాలేదు.
ఆ గొట్టం మీద గాలి ఇంత నిమ్మళంగా ఎందుకుంది?

ఒక నిమిషం, అబద్ధమెందుకు,
నిమిషం కన్నా ఎక్కువే,
నేను కదల్లేదు.
వేలు మీట మీదే ఉంది.

తర్వాత ఇంటి చెప్పులతోనే రాతిగోడ దాటాను.
తలుపు బాదాను. మళ్ళీ బాదాను.
తీశాడు. కోటు, దాని మీద దుప్పటి, దాని మీద ఇంకో కోటు.
కట్టెలయిపోయాయట. ట్రక్కువాడు గురువారం వస్తాడట.
"నీ గొట్టానికి ఈ పూట బాగుండాలే," అన్నాడు.
"నా గొట్టం నీకు అడ్డమని నాకు తెలుసు.
కోళ్ళు పెంచేదానివి, గుడ్ల కోసం వస్తావా?"

మా షెడ్డులోంచి నాలుగు మోపులు.
పొయ్యి రాజుకునేదాకా కూర్చున్నాను.
ట్రామ్ గురించి అడిగాడు, బ్రేకుల గురించి,
మంచు రోజుల్లో ఇసక చల్లేవారా అని.
చల్లేవాళ్ళం.

నేను తిరిగొచ్చేసరికి
పొగ నిటారుగా లేచి గురుణ్ణి కరిగిస్తోంది.

మర్నాడు రికార్డు తెరిచాను.
మొదట రెండు నిమిషాల చిల్లర, అంతా అద్భుతం.
తర్వాత గురుడు పక్కకి ఒరిగాడు,
సగమయ్యాడు, గోరంత అయ్యాడు, పోయాడు.
మిగతా ముప్పావుగంట నలుపు.

ఆ నలుపులో ఒకచోట
చిన్న తెల్లటి చుక్క ఎడమ నుంచి వచ్చింది.
గురుడి వెనకబడ్డ చంద్రుడు.
నేను దానికి గురిపెట్టలేదు. అసలక్కడ లేను.
తెర ఇటు నుంచి అటు దాటి
అతను పోయిన దారినే పోయింది.

చోటు చాలక మిగతాదంతా చెరిపేశాను.
ఆ పన్నెండు సెకన్లు ఉంచాను.
దేనికో తెలీదు.