ఏడో రోజు దిమ్మ

అంతర్వేది అవతల, మురుగుకాలవ సముద్రంలో కలిసే చోట
కొత్త స్లూయిజుకి మేం పోసిన కాంక్రీటు
సగం సిమెంటు, సగం
విశాఖ కొలిమి కక్కిన చిట్టెం.

పాలిపోయిన తెల్లటి పొడి.
గెద్దాడ ఏసుపాదం మేస్త్రి చిటికెడు తీసి
వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి,
"ఇనుము పిండుకోగా మిగిలిన పిప్పి కదండీ ఇది" అన్నాడు,
"ఇది కలిపాక నా తాపీకి మర్యాదేముంటాదండీ?"

ఏడో రోజు ప్రెస్సు కింద పెట్టిన దిమ్మ
ముల్లు సగానికైనా చేరకముందే పగిలింది.
కాంట్రాక్టరు గుమస్తా, చెవి దగ్గర ఫోను తియ్యకుండానే
నాకేసి చూసిన చూపు ఇంకా గుర్తు.
రిజిస్టరులో అంకె ఉన్నదున్నట్టే రాశాను.
పక్కన, చిన్న అక్షరాలతో: ఆగాలి.

ఆగడం అంటే వెంకాయమ్మ.
రోజుకి నాలుగుసార్లు గోనెపట్టాలు తడపడం.
పక్కనే అంత నీరుండీ ఒక్క చెంబుకి పనికిరాక
మలికిపురం కాలవ నుంచి డ్రమ్ముల్లో మంచినీళ్లు.
"బాలింతకి కూడా ఇన్నాళ్లు చెయ్యలేదు నేను"
గొణిగేది. తడిపేది.

పాత స్లూయిజు అక్కడే ఉంది, వందడుగుల దూరంలో.
పోటు ఉప్పూ, రొయ్యల చెరువుల ఉప్పూ
లోపలి ఊచల్ని ఉబ్బించి
పైపొరని పెచ్చులు పెచ్చులుగా రాల్చాయి.
అది కట్టేనాటికి ఏసుపాదానికి ఇరవై రెండేళ్లు.
మాలు కలిపించింది తనే.
ఒక్క బస్తా పక్కకి పోలేదని
ఎవరూ అడక్కపోయినా చెబుతాడు.
సంతలో, చర్చి మెట్ల మీద, రేవు పంటులో
"సిమెంటు తినేశాడు" అన్నారట,
ముప్పై ఏళ్లు.

యాభై ఆరో రోజు.
ముల్లు ఎక్కుతూనే ఉంది.
గుమస్తా ఫోను పెట్టేశాడు.
చివరికి తాటిపండు రాలినట్టు
బరువుగా ఒక చప్పుడు.
విరిగిన ముఖం లోపల
బాతుగుడ్డు రంగు, కాదు, అంతకన్నా ముదురు,
నాచు కలిసిన నీలం.
గాలి తగిలితే కొన్నాళ్లకి పోతుందది, చెప్పాను.

ఆయన అడిగింది వేరే.
"ఉప్పు దీంట్లోకి దూరదాండీ?"
దూరుతుంది, చాలా నెమ్మదిగా.
"మరి ఉత్త సిమెంట్లోకి?"
ఇంతకన్నా తొందరగా.
"ఎంత బాగా కలిపినా?"
ఎంత బాగా కలిపినా.

కాసేపు పాత స్లూయిజుకేసి చూశాడు.
పోటు ఎక్కుతోంది, తలుపుల కింద నురగ.
నీలం పెచ్చొకటి రుమాల్లో గట్టిగా చుట్టి
చొక్కా జేబులో వేసుకుని
మధ్యాహ్నం పని ఉందని కూడా మరిచి
సైకిలు రేవు వైపు తిప్పాడు.