నాలుగడుగులు

తెల్లారి ఆరుగంటలకు, మల్లేశ్వరం పదిహేనో క్రాసులో
బండ కదిలింది.
నేను గాదు, బండ. ముందు అది రాసుకోండి.
మోరీ మీద కప్పిన రాయి, ఒక మూల ఆనక
ఎన్నాళ్ళనుంచో ఊగుతా ఉండింది
ఎవరి కాలికోసమో.

పాదం లోపక్కకి తిరిగె, ఒళ్ళు బయటికి పోయె.
టప్పుమని ఒక చప్పుడు, నాకు మాత్రమే.
పొరక ఒక పక్క, నేనొక పక్క.

కదిరమ్మ బండి వదిలేసి వచ్చె.
ముప్పై ఏండ్లు ఈ రోడ్లు ఊడ్చిన మనిషి
ఎన్ని కాళ్ళు చూసిందో.
"లెయ్. నాలుగడుగులు ఎయ్."
"సచ్చిపోతాండా" అంటి.
"సచ్చేవాళ్ళు అరవరు. ఎయ్."
ఒకటి.
రెండు, గోడ పట్టుకొని.
మూడోదానికి మాయమ్మ గుర్తొచ్చె.
నాలుగు.
అయినా నమ్మక కూర్చోబెట్టి
చీలమండ వెనకంచు ఎముక మొనదాకా
బొటనవేలితో ఒత్తుకుంటా వచ్చె.
ఆడ నొప్పి లేదు.
దాని కిందుగా, రొంత ముందుకు, మెత్తని చోట
వేలు ఆనీ ఆనకముందే
వీధంతా లేచింది నా అరుపుకి.
"ఎముక పోలేదు ల్యా. బెణికింది."
పేరు పెడితే నొప్పి గూడా
తెలిసిన మనిషి మాదిరి అయ్యె.

ఆ పొద్దు అందరూ డాక్టర్లే.
కాఫీ అంగడాయన ఆముదం కాచి రుద్దమనె.
పాలబ్బాయి పట్టి లాగుతానని చేతులు చాచె.
మేడమీది ముసలాయన వేన్నీళ్ళనె.
పుత్తూరు కట్టు మాట ఎవురో ఎత్తిరి.
కదిరమ్మ పొరక ఎత్తె.
"మీ కాళ్ళు రుద్దుకోండి పోయి.
రెండు దినాలు దీనికి చల్లదనమే."

ఐసు యాడిది?
చేపలంగడి షట్టరు ఇంకా సగమే లేచింది.
పాలకవరు నిండా పోసిచ్చె, దుడ్డు అడగలా.
తువ్వాలు చుట్టి పెట్టింది ఆయమ్మ.
ఒట్టి ఐసు చర్మాన్ని కాలుస్తుందంట.
పావుగంటకు నా కాలంతా వంజరం వాసన.
తలగుడ్డ విప్పి వేళ్ళకాడ మొదలుపెట్టి
పైకి కట్టుకుంటా పోయె.
"వేళ్ళు నీలమైనా తిమ్మిరెక్కినా ఇప్పు.
కట్టు పట్టుకోవాల, పిసకగూడదు."
మా ఆయనకు గూడా చెప్పాల్సిన మాట.

చెత్తబండి అంచుమీద కాలెత్తి పెట్టి
రోడ్డుపక్క పడుకుంటి, గుండెకంటే పాదం పైన.
ఆరేండ్లుగా ఆ చెట్టు రాల్చినవే చూసినా,
ఎత్తుకున్నవి చూడలా.
ఇంత గులాబిరంగు పెట్టుకొనుందా!

మేస్త్రి నాగభూషణ ఫోను చాచె.
మొహం చూపీ, హాజరు.
కాలు చూపిస్తే ఆ ఫోను పట్టుకోదు.
"ఎన్ని దినాలు?"
కదిరమ్మ అన్నీ చెప్పింది గాని
విశ్రాంతి మాట చెప్పలా.
అది మా అంగట్లో దొరికే సరుకు గాదు.
నాలుగు దినాల కూలి పోయె.
ఆ నాలుగూ నా వీధి గూడా ఆయమ్మే ఊడ్చిందని
వారం తర్వాత కాఫీ అంగడాయన చెప్పె.

నల్లబడె, ఊదారంగు తిరిగె, అంచుల్లో పసుపు.
ఆస్పత్రి నర్సమ్మ చూసి
పాదంతో గాల్లో అక్షరాలు రాయమనె,
కీలు బిగుసుకోకుండా.
"నాకు రావు గదమ్మా" అంటి.

భార్గవి, రెండో తరగతి,
కన్నడ పలక పట్టుకొని మంచం కాడ నిలబడె.
అ, వాళ్ళ బడిదీ మన ఇంటిదీ ఇంచుమించు ఒకటేనంట.
బొటనవేలు సున్న చుట్టేదాకా బాగానే పోతుంది,
తోక తిప్పేకాడ పట్టేస్తుంది.
"అమ్మా, మళ్ళీ. నీది పడిపోతాంది."
పడిపోవడం నాకు కొత్తా?
మళ్ళీ రాస్తి.

ఇప్పుడు బండమీద కాలు పెట్టేముందు
పొరకకట్టెతో తట్టి చూస్తా.
ఊగుతానే ఉంది.
చెప్తే మేస్త్రి ఇంకొకరికి చెప్తానన్నాడు.
బ్లీచింగ్ పొడి పిడికెడు తీసుకొని
ఆ రాతిమీద పెద్దగా అ రాస్తి.
నాకొచ్చింది అదొక్కటే.
తెలిసినోళ్ళు పక్కకు జరుగుతారు.

సాయంత్రం వానకు పోతుంది.
రేపు మళ్ళీ రాయాల.