గీత పడ్డ కాడ

దేవరకొండ బస్టాండ్ ఎనుక జానిపాష దుకాణం.
రాత్రికి నూట యాభై కిరాయి:
టీవీ, డీవీడీ, నాలుగు డిస్కులు.
మా బుగ్గవ్వ వాటిని పళ్లాలు అంటుండె.
"నడుమ తూటు పడ్డ పళ్లాలు,
వీటిల ఏం తింటరురా" అని.

సైకిల్ క్యారల్ మీద గొంగడి మడతవెట్టి
ట్యూబు ముక్కలతోని బిగిచ్చి కట్టి
డిండి తొవ్వ పొంటి పన్నెండు కిలోమీటర్లు
గుంత కనవడ్డ కాడల్ల దిగి నెట్టుకుంట వస్తుంటి.
"టీవీ పగిలితే ఆరు వేలు,
డీవీడీ పగిలితే పదిహేను వందలు,
నువ్వు పగిలితే పైసలడగను తీ" అని
జానిపాష నవ్వేటోడు, నా పేరు పుస్తకంల రాసుకుంట.

మోటర్ల కరెంటు వచ్చే రాత్రే సినిమా రాత్రి.
మడి తడుపుడా, సినిమా సూసుడా?
ఈదయ్య రెండింటి నడుమ ఉరికి ఉరికి
పాటలొచ్చినప్పుడు పోయి మడవ తిప్పి వచ్చేటోడు.
ఆయన జిందగిల ఒక్క పాట సుతం సూడలె.

మీట నొక్కితే నాలిక బయటవెట్టేది డబ్బ.
పళ్లెం పెడితే మింగి
కడుపుల సన్నగ గరగర తిరిగి
వాకిలంత నీలం వెలుగు.

ఆ సినిమా పేరు ఎవ్వలికి యాదికి లేదు.
గంటా నలభై రెండు నిమిషాలు.
బయట వాన. తలుపు సప్పుడు.
ఆమె గొళ్లెం మీద చెయ్యేస్తది.
గంతే.
మొకం గళ్లు గళ్లయి
పచ్చీసు పట్టం లెక్క పరుసుకునేది.
తీసి లుంగీకి తుడిసినం. నోటి ఆవిరి ఊదినం.
పండ్ల పేస్టు రుద్దినం, కొబ్బరినూనె రుద్దినం.
మళ్ల వెడితే మళ్ల గొళ్లెం, మళ్ల చెయ్యి.

ఊరి నీళ్లకు బొక్కలు వంగిన సైదులు
గోడకు ఒరిగి మెల్లగ అన్నడు:
"వచ్చింది ఆమె తమ్ముడు. చిన్నప్పుడు తప్పిపోయినోడు."
సినిమల తమ్ముడే లేడు గదరా అన్నరు.
"లేకుంటేనే గద తప్పిపోయినట్టు" అన్నడు.
బుగ్గవ్వ ఒప్పుకోలె.
"ఎవ్వల్లేరు. వానే కొట్టింది తలుపు."
తెల్లారి పత్తి చేన్ల గదే పంచాతి.
పోస్టుమన్ అని ఒకలు, అప్పులోడని ఒకలు.
నాలుగేండ్లు ఆ తలుపు ముంగట
మా ఊరు తడుసుకుంట నిలవడ్డది.

తర్వాత ఇంటికొక డబ్బ అయింది.
హైదరాబాద్ అడ్డా కూలికి పోయినోళ్లు
తొమ్మిది వందలది ఒకటి సంకల వెట్టుకొని బస్సు దిగుతుండ్రి.
ఇంకొన్నాళ్లకు డబ్బ పక్కకే సన్న తూటు వచ్చింది,
పెన్‌డ్రైవు గుచ్చనీకి.
తన చావుకు తనే గొళ్లెం తీసింది.
ఇరవై రూపాయలకు చిప్పుల పది సినిమాలు.
జానిపాష జిరాక్సు మిషిని వెట్టిండు,
ఇప్పుడు ఫోన్లకు అద్దాలు అతికిస్తుండు.
కనవడ్డప్పుడల్ల అంటడు,
నా పేరు మీద ఇంక ముప్పై రూపాయల బాకీ ఉన్నదని.
మిగిలిన పళ్లాలు బత్తాయి తోటల దారాలకు వేలాడినయి.
చిలుకలు రెండు దినాలు బెదిరినయి,
మూడోనాడు మొకాలు సూసుకున్నయి.

పోయిన నెల నా బిడ్డ ఫోన్ల దొరికింది ఆ సినిమా.
గీత లేదు. గళ్లు లేవు.
వేలుతోని జరిపిన గంటా నలభై రెండుకు.
వాన, తలుపు, గొళ్లెం, చెయ్యి,
నడుమ సిమెంటు ప్రకటన.
ఆ తర్వాత తలుపు తెరుసుకుంది.
సూసిన.

మంచంల బుగ్గవ్వకు కండ్లు ఆనుతలెవ్వు.
"ఎవలొచ్చిన్రురా?" అన్నది.
"ఎవ్వల్లేరవ్వా. వానే."
గెలిసినందుకు సంబురపడ్తదనుకున్న.
చానా సేపు ఏమనలె.
"మరి సైదులు?"
సైదులు పోయి ఏడేండ్లు.
"జెర ముందలికి జరుపు" అన్నది,
"వాన ఎనుక నిలవడ్డడేమో సూడు."