పళ్ళెం కనబడేదాకా

ఆగస్టు చలిలో తవ్వాం, పెరట్లో,
గాలికి పియరు చెట్టు కూలిన చోట.
టాస్మేనియా బంకమన్ను మొండిది.
పారకి పట్టుకుంటే పార వదలదు,
బూటుకి పట్టుకుంటే బూటే వదిలేసి రావాలి.

గ్యారిక్ మోకాళ్ళు అప్పటికే పాడు.
అందుకే కదా మార్చిలో పడవ అమ్మేశాడు.
ఆ డబ్బులో కొంత పెట్టి ఈ గుంట.
నడుంలోతు వచ్చాక నేను నిచ్చెనెక్కి
చేతులు కడుక్కుంటూ అన్నాను:
"సముద్రం అమ్ముకుని గుంట కొనుక్కున్నావన్నమాట."
హాస్యమే.
నోట్లోంచి హాస్యంలాగే వచ్చింది.
లోపలికెళ్ళి టీ పెట్టాను.
టీ చల్లారిపోయాక గాని అతను రాలేదు.

మూడు వారాల తుంపరకి గుంట నిండింది,
పాలెక్కువైన టీలా.
మబ్బు కూడా మొహం చూసుకోలేని నీళ్ళు.
తేరతాయిలే అనుకున్నాం.
సెప్టెంబరంతా అనుకున్నాం.

తెల్ల ఎనామిల్ పళ్ళానికి అంచున మూడు చిల్లులు పొడిచి
తాడు కట్టాడు గ్యారిక్, జానెడుకొక ముడి.
రోజూ పొద్దున్నే దింపుతాడు.
మొదటి ముడి తడవకముందే పళ్ళెం మాయం.
"జానెడు లేదు," అంటాడు,
నాతో కాదు, తాడుతో.
నువ్వలా కెలుకుతుంటే ఎలా తేరుతుంది, అనబోయాను.
ఒక మాట అన్నదాన్ని,
రెండోది మింగాను.

సిగ్నెట్‌లో దాణా కొట్టు లాకీ బెస్విక్
మా సీసాని వెలుగుకి పట్టి చూశాడు.
"మురికి కాదిది. మన్ను మరీ సన్నం.
రేణువుకీ రేణువుకీ పడదు.
ఒకదాన్నొకటి తోసుకుంటూ అలాగే నిలబడతాయి,
ఏడాదైనా సరే.
మధ్యలోకి ఎవరో ఒకరు పోవాలి."
ఎవరో అంటే జిప్సం.
సంచీ ఇరవై కిలోలు.
ముందు సీసాల్లో వేసి చూసుకోమన్నాడు.

వంటింటి కిటికీలో నాలుగు జామ్ సీసాలు:
ఉత్తది, చిటికెడు, అర చెంచా, చెంచా.
రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా వెళ్ళి చూశాను.
అతనూ లేస్తున్నాడని
సీసాలు జరిగి ఉండటాన్ని బట్టి తెలిసింది.
మూడోనాటికి అర చెంచా సీసా అడుగున
వేలెడు మడ్డి,
పైన మా కంచె,
కుడి ఎడమలు తారుమారై, మేకులతో సహా.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు.
తొక్కాం మరి.
బకెట్లలో జిప్సం కలిపి
ఆ గట్టున అతను, ఈ గట్టున నేను
గరిటెలతో చల్లాం, కోళ్ళకి నూకలు చల్లినట్టు.
ఇక ముట్టుకోవద్దన్నాడు లాకీ.
అదొక్కటే కష్టమైన పని.
పళ్ళెం కొట్టంలో మేకుకి వేలాడింది.
గ్యారిక్ చేతులకేం తోచక
పాత వల ఒకటి తీసి, చిక్కులు లేని చోట కూడా విప్పాడు.

ఆరో పొద్దున
గట్టు మీద కప్ప, వదులు తీగ మీటినట్టు, టంగ్.
వెళ్ళి చూస్తే
నీళ్ళే లేవేమో అనిపించింది ముందు.
తర్వాత అడుగు కనబడింది.
సన్నటి ఒండ్రు దుప్పటి కింద
మా బూట్ల జాడలు.
నావి తిన్నగా నిచ్చెన దాకా పోయాయి.
అతనివి అక్కడక్కడే తిరిగి
ఒకచోట ఆగాయి.
ఆ ఆగిన చోట రెండు గుండ్రటి పల్లాలు,
వాటి ముందు రెండు అరచేతులు, వేళ్ళు విడివిడిగా.

బూటు తాడు కట్టుకోడానికే వంగని మోకాళ్ళు.
జారాడో, కూర్చున్నాడో,
టీ చల్లారేదాకా అలాగే ఉన్నాడో.
అడగలేదు.
పక్కనే నిలబడి అతనూ అదే చూస్తున్నాడు.
"పళ్ళెం తేనా?" అన్నాను.
"అక్కర్లేదు."

ఆ రాత్రి తాడు విప్పి, కడిగి,
దాన్లోనే అతనికి బంగాళదుంపలు పెట్టాను.
"లినెట్ మంచి పడవ," అన్నాను.
"కారేది," అన్నాడు.
అంచు చిల్లుల్లోంచి గ్రేవీ
బల్ల మీదికి బొట్టు బొట్టుగా దిగుతోంది.
గుడ్డ చేతికందేంత దూరంలోనే ఉంది.
ఇద్దరం కాసేపు తుడవలేదు.