శుక్రవారం లెక్క

బోర్డు మంచం కింద పట్టలేదు.
రువీలో మా గదికి ఐదు మంచాలు, ఒకటే కిటికీ.
తలుపు వెనక నిలబెట్టాను,
కొత్తగా దిగి ఇంకా పక్క దొరకని మనిషిలా.

స్కూలు మాస్టరెవరో దేశం వదిలిపోతూ
పన్నెండు రియాళ్లకి ఇచ్చేశాడు.
ముక్కు దగ్గర పగులు.
నీళ్ల ట్యాంకులకి పూసే రెజిన్‌తో నేనే అతికాను,
మధ్యాహ్నం విరామంలో, ఫోర్‌మన్ చూడకుండా.
మైనం బదులు కొవ్వొత్తి.

బండి గంగరాజంది. జగిత్యాల మనిషి.
పేరులో గంగ ఉంది గాని మోకాళ్ల లోతు దాటి ఎరగడు.
"ఈత రాదు తమ్మీ, బండయితే నడుపుత.
నువ్వు మునిగితె ఎవలికి ఫోన్ జెయ్యాలె, అది రాసియ్యి."
రాసిచ్చాను.
పెట్రోలు, ఖుబూసు, ఖర్జూరాలు, రెండు డబ్బాల నీళ్లు,
అమ్మ నంబరు,
అన్నీ ఒకే కాగితం మీద.

అష్ఖరా దాకా నాలుగు గంటలు.
గురువారం అర్ధరాత్రి షిఫ్టు దిగి
స్నానం కూడా చెయ్యకుండా బయల్దేరితే
తెల్లారేసరికి ఇసుక మీద ఉంటాం.
అక్కడ గొడుగులుండవట, కుర్చీలుండవట.
ఒడ్డున పడవలు, ఎక్కడో ఒక ఒంటె, మిగతాదంతా గాలి.
చేపలు తెచ్చే హమూద్ ఫోన్ చేసి
"మౌజ్ కబీర్!" అని నవ్వుతాడు.
ఖరీఫ్ మొదలైందట.

పోయిన శుక్రవారం ఓవర్‌టైం పడింది.
అంతకు ముందుది ఇసుక గాలికి పోయింది.

కెరటం నాకు కొత్త కాదు.
కళింగపట్నం పక్కన, తెర విరిగే చోట,
తెప్పకి భుజం ఆనించి అయ్య ఏడు లెక్కపెట్టేవాడు.
ఏడు దాటాకే తొయ్యాలి.
మాకు కెరటమంటే దాటాల్సిందే;
దాటితే వల, వల నిండితే కూడు.
దాని వీపు మీద ఊరికే నిలబడి
ఖాళీ చేతుల్తో ఒడ్డుకి రావడం
మా ఇంటా వంటా లేదు.
"మరి ఏం దెస్తవ్ ఆడికెళ్లి?" అన్నాడు గంగరాజం.
చెప్పలేకపోయాను.

నిన్న రాత్రి డాబా మీద, డిష్ గొడుగుల మధ్య,
పాత టైరు మీద బోర్డు పెట్టి ఎక్కి చూశాను.
రెండుసార్లు పడ్డాను.
ఆరేసిన యూనిఫారాలు చేతులూపాయి.
గంగరాజం చెప్పులు విడిచాడు.
"జరుగు."

ఎక్కాడు. మోకాళ్లు వంచి, చేతులు చాచి,
కళ్లు మూసుకున్నాడు.
కింద రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు మలుపు తిరుగుతోంది.
ఆ హోరుకి మెడ తిప్పకుండా అడిగాడు:
"అస్తుందా, తమ్మీ?"

ఏడు లెక్కపెట్టాను.
"ఇప్పుడు" అన్నాను.